సింగపూర్, కౌలాలంపూర్, బ్యాంకాక్: మూడు ఊళ్ల టూరుకి రోజు ఖర్చు లెక్క వేసుకోవడం ఎలా

సింగపూర్, మలేషియా, థాయిలాండ్ కలిపి వెళ్తే రోజుకి ఎంతవుతుందని అడిగితే, ఒకరు మనిషికి రెండున్నర వేలు చాలంటారు. ఇంకొకరు పన్నెండు వేలు పెట్టుకోమంటారు. ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు. మొదటివారు తిండికి, ఊళ్లో తిరగడానికి రోజూ జేబులోంచి తీసే డబ్బు చెప్పారు. రెండోవారు విమానం, వీసా, హోటలు, టికెట్లు అన్నీ కలిపి రోజులతో భాగించి చెప్పారు. ఏ లెక్కలో ఏం కలిసిందో తెలియకుండా ఒక అంకె పట్టుకుని బయల్దేరితే, సింగపూర్‌లో మూడో రోజుకే క్రెడిట్ కార్డు మీద పడాల్సి వస్తుంది.

అందుకే ఇక్కడ ఒక అసలైన లెక్క మొదటి నుంచి చివరి దాకా వేసి చూపిస్తున్నాం. హైదరాబాద్ నుంచి భార్యాభర్తలిద్దరు. సింగపూర్‌లో 3 రాత్రులు, కౌలాలంపూర్‌లో 3, బ్యాంకాక్‌లో 4. మరీ చవక హాస్టళ్లు కాదు, పెద్ద హోటళ్లూ కాదు. మారకం ధరలు లెక్క సులువు కోసం ఇలా తీసుకున్నాం: సింగపూర్ డాలరు రూ.70, మలేషియా రింగిట్ రూ.22, థాయ్ బాత్ రూ.2.80. ఖర్చుల అంచనాలు 2025–26 నాటివి. మీరు వెళ్లే వారానికి మారకం ధరా, హోటలు ధరా మార్చుకోండి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

ముందు పద్దులు విడగొట్టండి

ఒక కాగితం మీదో ఎక్సెల్ షీట్లోనో ఐదు పద్దులు రాయండి. బయల్దేరకముందే కట్టేసేవి ఒకటి: విమానం, వీసా, ఇన్సూరెన్స్, ఈ-సిమ్. రూములు రెండు. ఊరు మారే ఖర్చులు మూడు. చూసే చోట్ల ప్రవేశ టికెట్లు నాలుగు. ఐదోది చేతి ఖర్చు, అంటే తిండి, నీళ్లు, లోకల్ ప్రయాణం, చిల్లర. "రోజుకి ఇంత" అనే మాట ఈ ఐదో పద్దుకే వాడండి. మిగిలిన నాలుగూ రోజులతో సంబంధం లేనివి. యూనివర్సల్ స్టూడియోస్ టికెట్ కొన్న రోజు ఇద్దరికీ పన్నెండు వేల దాకా పోయిందని మర్నాడు భోజనం తగ్గించుకోవాల్సిన పని ఉండకూడదు. ఆ డబ్బు ముందే వేరే పద్దులో ఉండాలి.

షాపింగ్ ఈ ఐదింటిలో దేంట్లోనూ కలపకండి. దానికి విడిగా ఒక మొత్తం పెట్టుకుని, అది అయిపోతే ఆపేయాలి. ఎక్కువమంది లెక్క చెడేది సింగపూర్ ముస్తఫా సెంటర్లోనూ, బ్యాంకాక్ ప్లాటినం మాల్లోనూ. అది తిండి ఖర్చులో కలిసిపోతే ఎక్కడ జారిందో తర్వాత తెలియను కూడా తెలియదు.

తర్వాత రోజులు లెక్కపెట్టడం. హోటలుకి రాత్రులు, చేతి ఖర్చుకి రోజులు. పది రాత్రులంటే పదకొండు రోజులు తింటారు. ఏ రాత్రి ఏ ఊళ్లో పడుకుంటారో ఆ రోజు ఖర్చు ఆ ఊరి కింద రాయండి. తిరుగు ప్రయాణం రోజు చివరి ఊరి కింద వేయండి. అలా మన లెక్కలో సింగపూర్‌కి 3 రోజులు, కౌలాలంపూర్‌కి 3, బ్యాంకాక్‌కి 5. రాత్రి హైదరాబాద్‌లో ఎక్కి పొద్దున్నే సింగపూర్‌లో దిగితే అది పూర్తి రోజే. అరరోజు అనుకోకండి. రూము మధ్యాహ్నం రెండు, మూడింటికి గానీ ఇవ్వరు కాబట్టి ఆ రోజు బయట కూర్చోవడానికి, కాఫీలకి, టిఫిన్‌కి మామూలు కంటే ఎక్కువే అవుతుంది.

సింగపూర్: మెనూలో కనిపించే ధర అసలు ధర కాదు

ఇక్కడ రెస్టారెంట్లలో, హోటళ్లలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటే 10 శాతం సర్వీస్ చార్జీ, దాని మీద 9 శాతం జీఎస్‌టీ కలుస్తాయి. 2024 జనవరి నుంచి జీఎస్‌టీ 9 శాతం. రెండూ కలిస్తే దాదాపు 20 శాతం. 20 డాలర్ల భోజనం బిల్లులో 24 అవుతుంది. కొన్ని చోట్ల టేబుల్ మీద పెట్టిన తడి టిష్యూకీ, వేయించిన పల్లీలకీ కూడా డబ్బు వేస్తారు. అక్కర్లేకపోతే మొదట్లోనే తీసుకెళ్లమని చెప్పేయండి. హాకర్ సెంటర్లలో (చిన్న తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట్లు) సర్వీస్ చార్జీ ఉండదు, బోర్డు మీద ఉన్నదే ధర. కుళాయి నీళ్లు తాగొచ్చు కాబట్టి సీసా వెంట పెట్టుకుంటే ఇద్దరికీ రోజుకి నాలుగైదు డాలర్లు మిగులుతాయి.

ఇద్దరికి ఒక రోజు ఇలా వస్తుంది. పొద్దున్న కాయా (కొబ్బరి జామ్) టోస్ట్, కాఫీ సెట్ మనిషికి ఆరున్నర చొప్పున 13 డాలర్లు. మధ్యాహ్నం హాకర్ సెంటర్లో పానీయంతో కలిపి మనిషికి 7 చొప్పున 14. రాత్రి లిటిల్ ఇండియాలో ఏసీ రెస్టారెంట్‌లో మనిషికి 20 మెనూ ధర, బిల్లులో ఇద్దరికీ 48. మధ్యలో జ్యూసులు, చిరుతిళ్లు 8. ఎంఆర్‌టీ (మెట్రో రైలు), బస్సులకి ఇద్దరికీ 10. ఇది 93. చిల్లరకి ఏడు కలిపి 100 డాలర్లు, అంటే రూ.7,000. రాత్రి భోజనం కూడా టెక్కా సెంటర్ లాంటి హాకర్ సెంటర్లో చేస్తే ఇందులో సుమారు 30 డాలర్లు తగ్గుతాయి. తగ్గించగల చోటు సింగపూర్‌లో ఇదొక్కటే, ప్రయాణంలో తగ్గించడానికి పెద్దగా ఏమీ లేదు.

ఎంఆర్‌టీకి మన వీసా, మాస్టర్‌కార్డ్ కాంటాక్ట్‌లెస్ కార్డులు నేరుగా పని చేస్తాయి. అయితే ఒక కార్డుతో ఒక మనిషే వెళ్లాలి, ఇద్దరికి రెండు కార్డులు ఉండాలి. విదేశీ కార్డులకి వాడిన రోజుకి కొద్దిపాటి అదనపు రుసుము పడుతుంది. అంతర్జాతీయ వాడకం ఆన్ చేసి ఉందో లేదో ఇంట్లోనే చూసుకోండి, చాంగీ స్టేషన్ గేటు దగ్గర కాదు.

రూము విషయంలో శ్రద్ధ పెట్టాలి. లావెండర్, లిటిల్ ఇండియా, గేలాంగ్ వైపు 135 డాలర్లకి కనిపించే రూము పన్నులతో 160 దాటుతుంది. బుకింగ్ సైట్లో "పన్నులతో సహా" అనే ఎంపిక పెట్టి వెతకండి. ఇంకా చవకగా కనిపిస్తే అది కిటికీ లేని రూము కావచ్చు. సింగపూర్‌లో అలాంటివి మామూలే. పగలంతా బయట తిరిగేవాళ్లకి ఇబ్బంది లేదు, పెద్దవాళ్లు వెంట ఉంటే మాత్రం వద్దు. ఫార్ములా వన్ రేసు వారంలోనూ, చైనీస్ కొత్త సంవత్సరానికీ ఈ ధరలు దొరకవు. మన లెక్కలో రాత్రికి 160 డాలర్లు, రూ.11,200.

ప్రవేశ టికెట్ల పద్దులో బరువంతా ఇక్కడే. గార్డెన్స్ బై ద బేలో రెండు డోములకి (అద్దాల తోటలకి) మనిషికి 46 డాలర్ల దాకా, యూనివర్సల్‌కి 85 వేసుకోండి. ఇద్దరికీ కలిపి 262 డాలర్లు, రూ.18,340. డబ్బు పెట్టకుండా చూసేవి కూడా తక్కువేం కాదు. సూపర్‌ట్రీల కింద రాత్రి లైట్ల షో, మరీనా బే నీళ్ల షో, మెర్‌లయన్, బొటానిక్ గార్డెన్స్ అన్నీ ఉచితమే. సెంటోసాకి మోనోరైలు 4 డాలర్లు, పక్కనే వంతెన మీద నడిచి వెళ్తే ఏమీ లేదు. మూడు రోజుల్లో రెండు కంటే ఎక్కువ టికెట్ చోట్లు పెట్టుకోకండి. డబ్బు సంగతి పక్కన పెట్టినా, మూడోది చూసే ఓపిక ఉండదు.

కౌలాలంపూర్: లెక్క తేలికయ్యేది ఇక్కడ

రోటీ చనాయ్ (పరోటా లాంటిది), తేతారిక్ (పాల టీ) కలిపి మనిషికి 7 రింగిట్‌లు వేసుకుంటే టిఫిన్ కడుపునిండా అవుతుంది. మధ్యాహ్నం అరిటాకు భోజనం 16. రాత్రి కాస్త మంచి చోట మనిషికి 25. చిరుతిళ్లు, నీళ్లు ఇద్దరికీ 14. మొత్తం తిండి 110. రెండు గ్రాబ్ (యాప్ టాక్సీ) ప్రయాణాలు, కాస్త రైలు కలిపి 30. చిల్లర 15. రోజుకి 155 రింగిట్‌లు, రూ.3,400. సింగపూర్‌లో అయ్యేదానిలో సగం కూడా లేదు. కేఎల్ సెంట్రల్ రైల్వే స్టేషన్ పక్కనే ఉన్న బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఉంటే అన్నం, సాంబారు నడిచే దూరంలో ఉంటాయి, రైలూ అక్కడే.

విదేశీయుల దగ్గర హోటలువాళ్లు టూరిజం ట్యాక్స్ వసూలు చేస్తారు: రూముకి రాత్రికి 10 రింగిట్‌లు. ఆన్‌లైన్‌లో డబ్బంతా కట్టేసినా, ఇది చాలాచోట్ల కౌంటర్లో విడిగా ఇవ్వాలి. 200 రింగిట్‌ల రూముకి ఇది కలిపి 210, అంటే రూ.4,620.

బటు గుహలకి కేఎల్ సెంట్రల్ నుంచి కేటీఎం రైలు ఉంది, మూడు రింగిట్‌ల లోపే. 272 మెట్లెక్కి గుడి చూడటానికి టికెట్ లేదు. పెట్రోనాస్ టవర్లు పైకెక్కి చూడాలంటే మనిషికి వంద రింగిట్‌ల చుట్టూ ఉంటుంది, సోమవారం మూసేస్తారు. కింద పార్కులోంచి చూడటం ఉచితం. ఇద్దరూ ఎక్కుతారనుకుని రూ.4,400 రాసుకున్నాం.

బ్యాంకాక్: చవక అనే మాట సగమే నిజం

బ్యాంకాక్ చవకైన ఊరని అందరూ అంటారు. థాయ్ తిండి తినేవాళ్లకి అది నిజం. వీధి బండి మీదో, మాల్ ఫుడ్‌కోర్టులోనో 60 నుంచి 100 బాత్‌కి ఒక ప్లేటు వస్తుంది. కానీ మనవాళ్లలో చాలామంది రాత్రయ్యేసరికి ఇండియన్ రెస్టారెంట్ వెతుక్కుంటారు, అక్కడ మనిషికి 300 బాత్ మామూలు. శాకాహారులకైతే మరీనూ. థాయ్ వంటల్లో చేపల సాస్, ఆయిస్టర్ సాస్ కనిపించకుండా పడుతుంటాయి. "జే" అని థాయ్ అక్షరాల్లో రాసిన పసుపు బోర్డున్న కొట్టు దొరికితే అక్కడ మాంసం, చేప, గుడ్డు ఏవీ ఉండవు, ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. ఆ అక్షరాన్ని ఫోన్లో ఫోటో పెట్టుకుంటే రోజుకి రెండు, మూడు వందల బాత్ మిగులుతుంది.

మన లెక్క: టిఫిన్ ఇద్దరికీ 140, మధ్యాహ్నం ఫుడ్‌కోర్టులో 200, రాత్రి ఇండియన్ భోజనం 600, నీళ్లు, పళ్లు, కొబ్బరిబొండాలు 160. ప్రయాణం 240. మొత్తం 1,340. చిల్లరకి పదో వంతు కలిపి 1,475 బాత్, రూ.4,100. చూడండి, కౌలాలంపూర్ కంటే ఎక్కువైంది. రాత్రి కూడా థాయ్ భోజనమే తింటే 400 బాత్, అంటే రూ.1,100 దాకా తగ్గి లెక్క తిరగబడుతుంది. అందుకే ఇంకొకరి అంకె తీసుకునేముందు వాళ్లు ఏం తిన్నారో అడగాలి.

బీటీఎస్ (వంతెన మీద నడిచే రైలు), ఎంఆర్‌టీ (మెట్రో), పడవలు వేర్వేరు సంస్థలవి. ఒకదాని టికెట్ ఇంకోదాంట్లో చెల్లదు, మారినప్పుడల్లా కొత్త చార్జీ మొదలవుతుంది. మ్యాపులో దగ్గరగా కనిపించే దారిలో రెండు సంస్థలు మారితే ఇద్దరికీ కలిపి గ్రాబ్ కారే చవక పడొచ్చు. గుళ్ల వైపు వెళ్లేటప్పుడు చావ్‌ప్రయా నది మీద నారింజ జెండా పడవ 16 బాత్. గ్రాండ్ ప్యాలెస్ 500, వాట్ ఫో 300, వాట్ అరుణ్ 200: మనిషికి వెయ్యి, ఇద్దరికీ రూ.5,600. నిక్కర్లు, చేతుల్లేని జాకెట్లు వేసుకుంటే ప్యాలెస్ లోపలికి పంపరు, గేటు బయట ప్యాంటు కొనాల్సి వస్తుంది. ఆ గేటు దగ్గరే "ఇవాళ ప్యాలెస్ మూసేశారు, ఇరవై బాత్‌కి వేరే గుళ్లు తిప్పుతా" అనే టుక్‌టుక్ మనిషి కనిపిస్తే ఆగకండి. ఆ చవక సవారీ రాళ్ల నగల కొట్టు దగ్గరో, దర్జీ కొట్టు దగ్గరో తేలుతుంది.

రూము 1,500 బాత్, రూ.4,200.

ఊరు మారే రోజు

రోజు ఖర్చు అంచనాలు తప్పేది ఎక్కువగా ఈ రోజుల్లోనే. టికెట్ ధర రాసుకుంటారు, దాని ముందూ వెనకా ఉన్నవి మర్చిపోతారు. ప్రతి మార్పుకీ మూడు ముక్కలు రాయండి: హోటలు నుంచి స్టేషను దాకా, అసలు ప్రయాణం, దిగిన చోటు నుంచి కొత్త హోటలు దాకా.

చాంగీ నుంచి ఊళ్లోకి ఎంఆర్‌టీలో ఇద్దరికీ ఐదు డాలర్లు చాలు, రూ.350. సింగపూర్ నుంచి కౌలాలంపూర్‌కి బస్సు మనిషికి 35 డాలర్లు, ఇద్దరికీ రూ.4,900. సరిహద్దు రెండు వైపులా లగేజీతో దిగి ఎక్కాలి. ఐదారు గంటలంటారు గానీ శుక్రవారం సాయంత్రం, సెలవు రోజుల ముందు అంతకు మించుతుంది. ఇదే బస్సుకి కౌలాలంపూర్‌లో ఎక్కితే టికెట్ రింగిట్‌లలో ఉంటుంది, అంకె దాదాపు అదే ఉన్నా మన రూపాయల్లో సగం కంటే తక్కువ. అందుకని కొందరు బ్యాంకాక్‌తో మొదలుపెట్టి సింగపూర్‌లో ముగిస్తారు. మా సలహా మాత్రం సింగపూర్ మొదట. ఖర్చు ఎక్కువైన ఊరు ముందే గడిస్తే మిగతా రోజుల లెక్క కుదుటపడుతుంది. బ్యాంకాక్‌లో కొన్న బట్టలన్నీ ఇంకో విమానానికీ, సరిహద్దు బస్సుకీ మోయక్కర్లేదు.

కౌలాలంపూర్‌లో బస్టాండు నుంచి హోటలుకి గ్రాబ్ 20 రింగిట్‌లు, రూ.440. తర్వాత విమానాశ్రయానికి. కేఎల్ఐఏ ఎక్స్‌ప్రెస్ రైలు మనిషికి 55, ఇద్దరికి 110. గ్రాబ్ కారు టోలుతో కలిపి 75 దగ్గర ఉంటుంది. ఒక్కరే అయితే రైలో, 15 రింగిట్‌ల బస్సో మేలు, ఇద్దరైతే కారు. రూ.1,650. బ్యాంకాక్ విమానం బ్యాగుతో మనిషికి 6,500 చొప్పున రూ.13,000. చవక విమానాల్లో చేతి సామాను 7 కేజీలు, చేతిసంచీతో కలిపి. కౌంటర్ దగ్గర తూకం మించితే కట్టే డబ్బు ముందే ఆన్‌లైన్‌లో కొనే బ్యాగు ధరకి రెండు, మూడింతలు. టికెట్ కొన్న రోజే 20 కేజీలు కొనేయండి.

ఎయిర్‌ఏషియా బ్యాంకాక్‌లో ఎక్కువగా డాన్ మువాంగ్‌లో దిగుతుంది, సువర్ణభూమిలో కాదు. హైదరాబాద్ విమానాలు ఎక్కువగా సువర్ణభూమి నుంచి ఉంటాయి. రెండూ ఊరికి చెరో వైపు, కాబట్టి టికెట్ మీద అక్షరాలు చదువుకోండి. విమానాశ్రయం టాక్సీకి మీటరు మీద 50 బాత్ అదనం, టోలు మనమే ఇవ్వాలి. దిగిన రోజుకి రూ.1,000, తిరుగు రోజుకి రూ.1,100 వేసుకున్నాం. ఈ పద్దంతా కలిపితే రూ.22,440. దీన్ని విడిగా రాసుకోకపోతే రోజు ఖర్చులోంచే పోతుంది.

కార్డు, నగదు: కనిపించకుండా పోయే డబ్బు

మన క్రెడిట్ కార్డు విదేశంలో గీకితే చాలా బ్యాంకులు 2 నుంచి 3.5 శాతం మార్కప్ (మారకం మీద అదనపు చార్జీ) వేస్తాయి, దాని మీద 18 శాతం జీఎస్‌టీ. 3.5 అంటే నిజానికి 4.13. ఫారెక్స్ కార్డు (ముందే విదేశీ డబ్బు నింపుకునే కార్డు) తీసుకుంటే ఈ బాధ లేదనుకుంటాం, కానీ కార్డులో ఉన్న కరెన్సీ ఒకటి, ఖర్చు చేసే కరెన్సీ ఇంకొకటి అయితే క్రాస్ కరెన్సీ చార్జీ పడుతుంది. మన దగ్గర దొరికే చాలా మల్టీ కరెన్సీ కార్డుల్లో సింగపూర్ డాలరు, బాత్ ఉంటాయి, రింగిట్ ఉండదు. ఆ ఒక్క దేశానికీ మార్కప్ లేని క్రెడిట్ కార్డో, నగదో చూసుకోవాలి.

మెషీన్ "రూపాయల్లోనా, స్థానిక కరెన్సీలోనా" అని అడిగితే ప్రతిసారీ స్థానిక కరెన్సీ నొక్కండి. రూపాయల్లో అంటే ఆ కొట్టు తరఫు సంస్థ తనకి నచ్చిన ధర వేస్తుంది.

థాయిలాండ్‌లో ఏటీఎంలు విదేశీ కార్డుకి తీసిన ప్రతిసారీ 220 బాత్ గానీ, అంతకంటే ఎక్కువ గానీ పట్టుకుంటాయి, ఎంత తీసినా సరే. రెండు వేల చొప్పున ఐదుసార్లు తీస్తే 1,100 బాత్, మూడు వేల రూపాయల పైన. పది వేలు ఒక్కసారి తీస్తే 220తో పోతుంది. మన లెక్క ప్రకారం బ్యాంకాక్‌లో నగదుగా కావలసింది సుమారు పది వేలే. ఏటీఎం వద్దనుకుంటే ఇండియా నుంచి నలగని 50, 100 అమెరికన్ డాలర్ల నోట్లు తీసుకెళ్లి ప్రతూనామ్ దగ్గరి మనీ చేంజర్ల దగ్గర మార్చుకోవచ్చు. చిన్న నోట్లకి ధర తక్కువ ఇస్తారు. విమానాశ్రయం కౌంటర్లలో టాక్సీకి సరిపడా మాత్రమే మార్చండి, మన శంషాబాద్‌లో అయినా అక్కడైనా.

హోటల్ డిపాజిట్ కూడా గుర్తుంచుకోవాలి. సింగపూర్‌లో 50 నుంచి 100 డాలర్లు, బ్యాంకాక్‌లో వెయ్యి బాత్ దాకా అడుగుతారు. ఫారెక్స్ కార్డు మీద పట్టి ఉంచితే ఆ డబ్బు తిరిగి రావడానికి రోజులు పడుతుంది, అప్పటికి మీరు ఇంట్లో ఉంటారు. డిపాజిట్‌కి క్రెడిట్ కార్డే ఇవ్వండి.

అన్నీ కలిపితే

బయల్దేరకముందు: సింగపూర్‌కి వెళ్లి బ్యాంకాక్ నుంచి తిరిగొచ్చేలా ఒకే బుకింగ్‌లో విమానం మనిషికి రూ.28,000, సింగపూర్ వీసా ఏజెంటు రుసుముతో రూ.3,000 (అసలు ఫీజు 30 డాలర్లు), ఇన్సూరెన్స్ రూ.1,200, ఈ-సిమ్ రూ.2,000. ఇద్దరికీ రూ.68,400.

రూములు: రూ.64,260.

ఊరు మారే ఖర్చులు: రూ.22,440.

ప్రవేశ టికెట్లు: రూ.28,340.

చేతి ఖర్చు: 3 × 7,000, 3 × 3,400, 5 × 4,100. మొత్తం రూ.51,700.

విదేశంలో అయ్యే నాలుగు పద్దులు కలిపి రూ.1,66,740. కార్డు మార్కప్‌కి 4 శాతం, రూ.6,670. అనుకోని వాటికి 10 శాతం, రూ.16,674. అంతా కలిపితే సుమారు రూ.2,58,500.

దీన్ని పదకొండు రోజులతో, ఇద్దరితో భాగిస్తే మనిషికి రోజుకి రూ.11,750. చేతి ఖర్చు ఒక్కదాన్నే అలా భాగిస్తే రూ.2,350. మొదట్లో ఇద్దరు చెప్పిన రెండు జవాబులూ ఇవే.

సగటుతో కూడా జాగ్రత్త. ఇద్దరి చేతి ఖర్చు సగటు రోజుకి రూ.4,700. అది పట్టుకుని సింగపూర్‌లో దిగితే రోజుకి 2,300 తగ్గుతుంది, మూడు రోజులకి దాదాపు ఏడు వేలు. లెక్క తప్పిందని కంగారుపడి బ్యాంకాక్‌లో చూడాలనుకున్నవి మానేసుకునేవాళ్లు ఉన్నారు. అక్కడ తప్పింది ఖర్చు కాదు, సగటు. ప్రతి ఊరికీ దాని అంకె దానికే ఉండాలి.

మీ ఇంటికి తగ్గట్టు మార్చడం

ఒక్కరే వెళ్తే సగం చేయకండి. తిండి, టికెట్లు సగమవుతాయి, రూము, టాక్సీ అవ్వవు. ఇద్దరి ఖర్చులో 65 శాతం దాకా వేసుకోవాలి. పిల్లలుంటే ప్రతి చోటా వయసో, ఎత్తో చూసి చార్జీ పెడతారు. అన్నిచోట్లా ఒకే హద్దు ఉండదు కాబట్టి అధికారిక సైట్లలో చూసి రాసుకోండి. అమ్మానాన్నలతో వెళ్తుంటే చేతి ఖర్చులో లోకల్ ప్రయాణం అంకె రెట్టింపు చేయండి. స్టేషన్లలో మెట్లు, నడక, ఎండ, ఉక్కపోత కలిసి మధ్యాహ్నానికే కారు ఎక్కక తప్పదు.

ధరలు వెతికేటప్పుడు పాత వీడియోలని నమ్మకండి. గూగుల్ మ్యాప్స్‌లో రెస్టారెంట్ పేజీ తెరిచి ఈమధ్య పెట్టిన మెనూ ఫోటోలు చూడండి, తేదీ అక్కడే ఉంటుంది. ఒక్కో ఊళ్లో మీ హోటలుకి దగ్గరున్న మూడు చోట్ల ధరలు రాసి, మధ్యదాన్ని తీసుకోండి. హోటలు ధర మీ తేదీలకే చూడాలి.

వీసా నియమాలు టికెట్ కొనే ముందు మళ్లీ చూసుకోండి. మలేషియా భారతీయులకి 2026 డిసెంబర్ 31 వరకు 30 రోజుల దాకా వీసా లేకుండా రానిస్తోంది. థాయిలాండ్ నియమాలు మారుతుంటాయి. మూడు దేశాలకీ దిగే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి, మూడూ ఉచితం. వెతికితే డబ్బు అడిగే నకిలీ సైట్లు పైన వస్తాయి, వాటికి కట్టింది తిరిగి రాదు.

అక్కడికెళ్లాక

ఖర్చు ఆ దేశపు కరెన్సీలోనే రాయండి. ప్రతి కాఫీకీ రూపాయల్లోకి మార్చుకుంటే సింగపూర్‌లో ఏమీ తినలేరు, బ్యాంకాక్‌లో అన్నీ కొనేస్తారు. రాత్రి రూముకి వచ్చాక ఐదు నిమిషాలు చాలు: ఇవాళ్టి చేతి ఖర్చు, ఈ ఊళ్లో ఇప్పటిదాకా అయింది, మిగిలింది. ఒక రోజు ఎక్కువైతే పట్టించుకోకండి, ఊరు మొత్తానికి దాటిందా లేదా అన్నదే చూడండి. దాటుతుంటే మొదట కారు ప్రయాణాలు తగ్గించండి, తర్వాత రాత్రి రెస్టారెంట్. నీళ్లు, పండ్లు, విశ్రాంతి తగ్గించకండి. ఆ వేడిలో ఒకరు పడిపోతే పది శాతం నిల్వ ఒక్క ఆస్పత్రి బిల్లుకే పోతుంది.

ముందు ఊళ్లో మిగిలింది తర్వాతి ఊరికి కలుపుకోవచ్చు. తర్వాతి ఊళ్లో మిగులుతుందిలే అని ముందే వాడకండి.

ఊరు వదిలే ముందు రోజు సాయంత్రం చేతిలో ఉన్న నోట్లు లెక్కపెట్టి, మర్నాటి టాక్సీకి, టిఫిన్‌కి కావలసింది పక్కన పెట్టి, మిగతాది ఆ రాత్రి భోజనానికి వాడేయండి. నాణేలని ఏ మనీ చేంజరూ తీసుకోడు. బ్యాంకాక్‌లో చివరి రోజుకి మాత్రం 500 బాత్ నోటు ఒకటి విడిగా దాచి ఉంచండి. గదికి పన్నెండింటికి తాళం ఇచ్చేసి, విమానం రాత్రి దాకా లేకపోతే లగేజీ ఉంచే చోటుకి, భోజనానికి, సువర్ణభూమి రైలుకి అది సరిపోతుంది.